గీతా, సంజయ్ చోప్రాల అపహరణ, హత్య కేసు: తరచుగా అడిగే ప్రశ్నలు

1978లో ఢిల్లీలో జరిగిన ఈ కేసు నేటికీ చాలామందికి హంతకుల పేర్లతోనే గుర్తుంది. 'రంగా, బిల్లా' అనగానే తలూపేవారిలో ఎంతోమందికి ప్రాణాలు పోగొట్టుకున్న అక్కాతమ్ముళ్ల పేర్లు తెలియవు. నేరం వెలుగులోకి వచ్చిన తీరు, నిందితులు పట్టుబడిన తీరు, కోర్టుల్లో కేసు నిలబడిన తీరు, శిక్ష అమలుకు ముందు సాగిన న్యాయ ప్రక్రియ గురించి పాఠకులు మళ్లీమళ్లీ అడిగే ప్రశ్నలకు సమాధానాలను ఇక్కడ ఒకచోట చేర్చాను. హింసకు సంబంధించిన వివరాలను అవసరమైన మేరకే ఇచ్చాను.

ఇది ఏ కేసు? ఎప్పుడు జరిగింది?

1978 ఆగస్టు 26, శనివారం సాయంత్రం, భారత నౌకాదళ అధికారి ఒకరి పిల్లలైన గీతా చోప్రా, సంజయ్ చోప్రాలను ఢిల్లీ నడిబొడ్డున కారులో అపహరించి, అనంతరం హత్య చేశారు. గీతకు పదహారేళ్లు, సంజయ్‌కు పద్నాలుగేళ్లు. రంగా అనే కుల్జీత్ సింగ్, బిల్లా అనే జస్బీర్ సింగ్ ఈ నేరానికి పాల్పడినట్లు కోర్టులో రుజువైంది. కింది కోర్టు విధించిన మరణశిక్షను ఢిల్లీ హైకోర్టు ధ్రువీకరించింది, సుప్రీంకోర్టు అందులో జోక్యం చేసుకోవడానికి నిరాకరించింది. 1982 జనవరి 31న తీహార్ జైలులో ఇద్దరినీ ఉరితీశారు.

ఆ సాయంత్రం పిల్లలు ఎక్కడికి బయలుదేరారు?

ఆకాశవాణికి. యువత కోసం ఢిల్లీ కేంద్రం ప్రసారం చేసే 'యువవాణి' కార్యక్రమంలో రాత్రి ఏడు గంటలకు గీత పాల్గొనవలసి ఉంది. ధౌలా కువాన్‌లోని అధికారుల నివాసాల నుంచి అక్కాతమ్ముళ్లిద్దరూ ఆరుంపావు ప్రాంతంలో బయలుదేరారు. చినుకులు పడుతున్నాయి. కారులో వెళుతున్న ఒకాయన వారిని ఎక్కించుకుని, ఆకాశవాణి భవనానికి అంత దూరం కాని గోల్ డాక్‌ఖానా దగ్గర దింపి తన దారిన వెళ్లిపోయారు. ఆ తరువాత వారు ఎక్కిన కారు వేరు.

కార్యక్రమం వేళకు ఇంట్లో తల్లిదండ్రులు రేడియో పెట్టుకుని కూర్చున్నారు, కానీ కూతురి గొంతు వినిపించలేదు. తిరిగి తీసుకురావడానికి తండ్రి ఆకాశవాణికి వెళ్లి విచారిస్తే, పిల్లలు అసలు అక్కడికి రానేలేదని చెప్పారు. ఈ కేసు గురించి ఎన్నిసార్లు చదివినా నేను ఆగిపోయేది ఆ రేడియో దగ్గరే.

అపహరణ జరుగుతుండగా ఎవరైనా చూశారా?

చూశారు. చూడడమే కాదు, వెంటనే పోలీసులకు చెప్పారు కూడా. ఈ కేసులో అందరూ తెలుసుకోవలసిన విషయం ఇదేనని నా అభిప్రాయం.

గోల్ డాక్‌ఖానా పరిసరాల్లో వేగంగా వెళుతున్న ఫియట్ కారులోంచి ఆడపిల్ల కేకలు వినిపించడంతో ఒక పౌరుడు పోలీసు కంట్రోల్ రూముకు ఫోన్ చేసి, కారు నంబరుతో సహా సమాచారం ఇచ్చాడు. అప్పటికి సాయంత్రం ఏడు కూడా కాలేదు. కొద్దిసేపటికి అదే కారు మరో యువకుడి కంటబడింది. అతను ఢిల్లీ అభివృద్ధి సంస్థలో జూనియర్ ఇంజనీరు, వయసు ఇరవై పైచిలుకు. స్కూటరు మీద వెళుతున్న అతనికి కారులో పెనుగులాట కనిపించింది. ముందు సీట్లో ఉన్న ఇద్దరు మగవాళ్లతో వెనక సీట్లోని పిల్లలు కలబడుతున్నారు. కుర్రవాడు వెనక అద్దంలోంచి అతనికి రక్తంతో తడిసిన తన భుజాన్ని చూపించాడు. ఆ యువకుడు స్కూటరును కారు వెంట పోనిచ్చాడు. ఒక కూడలిలో ఎర్రదీపాన్ని లెక్కచేయకుండా కారు దూసుకుపోవడంతో అందుకోలేకపోయాడు గాని, నంబరు మాత్రం గుర్తుంచుకున్నాడు. తిన్నగా రాజేందర్ నగర్ పోలీసు స్టేషనుకు వెళ్లి హెచ్‌ఆర్‌కే 8930 అని చెప్పాడు.

అంత త్వరగా సమాచారం అందినా పిల్లలను ఎందుకు కాపాడలేకపోయారు?

ఒక్క మాటలో చెప్పగల జవాబు లేదు, కానీ కారణాలు తెలుసు. మొదటి ఫోనులో వచ్చిన నంబరు హెచ్‌ఆర్‌కే బదులు ఎంఆర్‌కే అని నమోదైంది, అంటే ఒక్క అక్షరం తేడా. ఇక స్వయంగా స్టేషనుకు వెళ్లి చెప్పిన యువకుడి సమాచారం, సంఘటన జరిగిన చోటు తమ పరిధిలోది కాదన్న ఆలోచనతో ఉన్నచోటే ఉండిపోయింది. రెండు చోట్ల నమోదైన సమాచారాన్ని పక్కపక్కన పెట్టి చూసినవారు ఆ రాత్రి లేరు. ఈలోగా తమ పిల్లలు కనబడడం లేదని తల్లిదండ్రులు మరోవైపు ఫిర్యాదు చేశారు.

కారుకు ఉన్నది దొంగ నంబరు, కాబట్టి నంబరును బట్టి యజమాని ఇంటికి వెళ్లి ఉంటే ఆ రాత్రి హంతకులు దొరికేవారు కాదు. అయితే నగరంలోని పోలీసు తనిఖీ కేంద్రాలన్నిటికీ ఆ నంబరూ, కారు రంగూ, లోపల రక్తమోడుతున్న పిల్లలు ఉన్నారన్న మాటా చేరి ఉంటే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు. చెప్పలేకపోవడమే ఆ తల్లిదండ్రులకు మిగిలిన అసలు శిక్ష. పౌరులు తమ పని చేశారు. వారు ఇచ్చిన సమాచారం ఒక బల్ల మీద నుంచి ఇంకో బల్ల మీదికి చేరలేదు.

మృతదేహాలు ఎప్పుడు, ఎలా దొరికాయి?

రెండు రోజుల తరువాత, ఆగస్టు 28 సాయంత్రం, ఢిల్లీలోని రిడ్జ్ అటవీ ప్రాంతంలో పశువులను మేపుకుంటున్న ఒక కాపరి రోడ్డుకు దగ్గరలోనే మృతదేహాలను చూసి కబురు చేశాడు. తల్లిదండ్రులు వచ్చి గుర్తుపట్టారు. ఇద్దరి శరీరాల మీదా పదునైన ఆయుధంతో చేసిన గాయాలున్నాయి. అంతకుమించి ఇక్కడ రాయవలసిన అవసరం లేదు.

దర్యాప్తు మలుపు తిరిగింది ఎక్కడ?

కారు దొరకడంతో. ఆగస్టు నెలాఖరులో ఉత్తర ఢిల్లీలోని మజ్లిస్ పార్కు ప్రాంతంలో వదిలేసిన ఫియట్ కారును గుర్తించారు. అది అంతకుముందు ఢిల్లీలోనే దొంగిలించిన కారని తేలింది. లోపల రక్తపు మరకలు, వేలిముద్రలు, దొంగ నంబరు పలకలు దొరికాయి. వేలిముద్రలు దొరికినంత మాత్రాన నేరస్థుడు దొరికినట్టు కాదు, వాటిని పోల్చి చూడడానికి పాత రికార్డు ఒకటి ఉండాలి. బిల్లా అంతకుముందే బొంబాయి పోలీసుల రికార్డులకెక్కిన నేరస్థుడు కావడంతో అతని పేరు బయటపడింది. ఇద్దరూ బొంబాయిలో నేరాలు చేసి ఢిల్లీకి మకాం మార్చినవారే.

ఇంకొక ఆధారం ఆసుపత్రి రిజిస్టరులో ఉంది. పిల్లల ప్రతిఘటనలో బిల్లా తలకు గాయమైంది. అదే రాత్రి అతను విల్లింగ్డన్ ఆసుపత్రికి వెళ్లి, దొంగలు కొట్టారని కట్టుకథ చెప్పి, మారుపేరుతో కుట్లు వేయించుకున్నాడు. ఇవాళ రామ్ మనోహర్ లోహియా ఆసుపత్రిగా పిలుస్తున్నది దీనినే. ఆ గాయం అతని మీద చేతనైనంత పోరాడిన ఇద్దరు పిల్లలు వదిలివెళ్లిన గుర్తు.

రంగా, బిల్లా పోలీసులకు ఎలా చిక్కారు?

వారిని పట్టుకున్నది సైనికులు. పత్రికల్లో ఫొటోలు రావడంతో ఢిల్లీ విడిచి ఊళ్లు తిరిగిన ఇద్దరూ, ఢిల్లీకి వస్తున్న కాల్కా మెయిల్‌ను ఆగ్రా దగ్గర ఎక్కి, తెలియక సైనికులకు కేటాయించిన పెట్టెలోకి చొరబడ్డారు. పెట్టెలోని జవాన్లు మీరెవరని నిలదీశారు. వారిలో ఒకరికి పత్రికలో చూసిన ముఖం గుర్తుకు వచ్చింది. ఇద్దరినీ కదలనివ్వకుండా ఢిల్లీ దాకా తీసుకొచ్చి పోలీసులకు అప్పగించారు. అది 1978 సెప్టెంబరు 8. నేరం జరిగి రెండు వారాలు కూడా కాలేదు.

ఫోన్ చేసిన వ్యక్తి, స్కూటరు యువకుడు, పశువుల కాపరి, రైలులోని జవాన్లు. ఈ కేసు వరుసను చూస్తే ప్రతి మలుపులోనూ దర్యాప్తుతో సంబంధం లేని మామూలు మనుషులే కనిపిస్తారు. వీరిలో కొందరు తరువాత కోర్టు బోనెక్కి సాక్ష్యం చెప్పారు.

అపహరణకు కారణం ఏమిటి?

డబ్బు కోసం అపహరించారన్నది ప్రాసిక్యూషన్ కథనం. పిల్లల తండ్రితో గాని కుటుంబంతో గాని నిందితులకు ముందస్తు పరిచయం లేదు, పగ లేదు. వానలో వాహనం కోసం చూస్తున్న పిల్లలు వారి కంటపడడం తప్ప ఇందులో వేరే సంబంధం లేదు.

నిందితులు నేరం ఒప్పుకున్నారు కదా, ఇంకా విచారణ దేనికి?

ఈ ప్రశ్న చాలామంది అడుగుతారు, కాబట్టి కొంచెం వివరంగా చెప్పాలి. పోలీసు అధికారి ఎదుట చేసిన ఒప్పుకోలు మన దేశంలో సాక్ష్యంగా చెల్లదు. 2024 జూన్ దాకా అమల్లో ఉన్న 1872 నాటి సాక్ష్య చట్టంలోని 25వ సెక్షను ఈ మాటే చెప్పింది. పోలీసు కస్టడీలో ఉండగా వేరెవరి ముందైనా చేసిన ఒప్పుకోలు కూడా, మేజిస్ట్రేటు సమక్షంలో చేసినది అయితే తప్ప, 26వ సెక్షను ప్రకారం చెల్లేది కాదు. కొట్టి ఒప్పించే ప్రమాదం ఉంటుంది కనుకనే ఈ అడ్డుకట్ట. అయితే నిందితుడు చెప్పిన సమాచారాన్ని బట్టి ఒక వస్తువు దొరికితే, ఆ వస్తువు దొరకడానికి దారితీసిన మాట వరకు 27వ సెక్షను కింద స్వీకరించే వీలుండేది.

ఇక మేజిస్ట్రేటు ముందు ఇచ్చే వాంగ్మూలం. నాటి నేర విచారణ స్మృతి 164వ సెక్షను ప్రకారం మేజిస్ట్రేటు ముందుగా నిందితుడికి రెండు విషయాలు స్పష్టంగా చెప్పాలి: ఒప్పుకోవలసిన బాధ్యత నీకు లేదు, ఒప్పుకుంటే అది నీకు వ్యతిరేకంగా వాడబడవచ్చు. అతను స్వచ్ఛందంగానే మాట్లాడుతున్నాడని తనకు నమ్మకం కలిగాకే రాసుకోవాలి. ఈ కేసులో నిందితులు ముందు ఒప్పుకుని, తరువాత మాట మార్చారు. అలా ఉపసంహరించుకున్న ఒప్పుకోలును ఇతర ఆధారాల మద్దతు లేకుండా నమ్మి శిక్షించడం క్షేమం కాదని కోర్టులు చాలాకాలంగా పాటిస్తున్న జాగ్రత్త. అందువల్ల ప్రాసిక్యూషన్ మిగతా సాక్ష్యాన్ని ఒక్కొక్కటిగా పేర్చి చూపవలసి వచ్చింది.

అయితే కోర్టులో కేసు దేని మీద నిలబడింది?

హత్యను కళ్లారా చూసినవారు ఎవరూ లేరు. కాబట్టి ఇది చాలావరకు పరిస్థితుల సాక్ష్యం మీద నడిచిన కేసు. అలాంటి కేసులో గొలుసులోని ప్రతి లంకె విడిగా రుజువు కావాలి, లంకెలన్నీ కలిసి నిందితుడి వైపే చూపాలి, మరో వివరణకు తావుండకూడదు.

ఇక్కడి గొలుసు ఇలా సాగింది. పిల్లలను గోల్ డాక్‌ఖానా దగ్గర దింపిన వ్యక్తి సాక్ష్యంతో వారు ఏ వేళకు ఎక్కడ ఉన్నారో స్థిరపడింది. ఫోన్ చేసిన పౌరుడు, స్కూటరు యువకుడు చెప్పినదానితో వారు ఒక ఫియట్ కారులో, ఇద్దరు మగవాళ్ల చేతుల్లో చిక్కారని తేలింది. దొరికిన కారు, అందులోని రక్తపు మరకలు, వేలిముద్రలు ఆ కారును ఒకవైపు పిల్లలతోనూ మరోవైపు నిందితులతోనూ కలిపాయి. బిల్లా తలమీది గాయం, ఆ రాత్రి ఆసుపత్రిలో అతను చెప్పిన అబద్ధం, ఆ తరువాత ఇద్దరూ కలిసి పారిపోవడం మిగతా లంకెలు. వీటన్నిటి పక్కన పెట్టినప్పుడు ఒప్పుకోలుకు కూడా బలం వచ్చింది.

ఆసుపత్రి రిజిస్టరులోని పంక్తి ఆ రాత్రి డ్యూటీలో ఉన్నవారు రోజూ చేసే పనిలో భాగంగా రాసుకున్నది. ఎవరో ఒక గుమాస్తా వేళా, గాయమూ సరిగ్గా రాసిపెట్టడం వల్లే ఆ అబద్ధం తరువాత రోజుల్లో సాక్ష్యమైంది. అదే రాత్రి మరోచోట ఒక అక్షరం తప్పుగా పడింది. ఈ రెండు రాతలనూ నేను విడివిడిగా చూడలేను.

ఎవరు పొడిచారో చూసినవారు లేనప్పుడు ఇద్దరికీ ఒకే శిక్ష ఎలా పడింది?

నాటి భారత శిక్షాస్మృతిలోని 34వ సెక్షను వల్ల. ఇద్దరు లేదా అంతకుమించిన వ్యక్తులు ఒకే ఉద్దేశంతో ఒక నేరం చేస్తే, ఎవరి చేయి ఏ పని చేసిందన్న దానితో నిమిత్తం లేకుండా, ఆ నేరమంతా ప్రతి ఒక్కరూ చేసినట్టే లెక్క. కారు దొంగతనం దగ్గర నుంచి దొంగ నంబర్లు తగిలించడం, పిల్లలను ఎక్కించుకోవడం, అడవి దాకా తీసుకెళ్లడం, పారిపోవడం వరకు ఇద్దరూ కలిసే ఉన్నారు. తన పాత్ర తక్కువన్న రంగా వాదనను సుప్రీంకోర్టు సైతం అంగీకరించలేదు.

కేసు ఏయే కోర్టుల్లో నడిచింది?

ఢిల్లీలోని సెషన్సు కోర్టు విచారణ జరిపి ఇద్దరికీ మరణశిక్ష విధించింది. సెషన్సు కోర్టు విధించిన మరణశిక్ష హైకోర్టు ధ్రువీకరించేదాకా అమలు కాదు. నిందితుడు అప్పీలు చేసుకోకపోయినా సరే, మొత్తం రికార్డు హైకోర్టుకు వెళ్లాలి, అక్కడ సాక్ష్యాన్ని మొదటి నుంచి తిరిగి పరిశీలించాలి. 1979లో ఢిల్లీ హైకోర్టు ఆ పని పూర్తిచేసి శిక్షను ధ్రువీకరించింది. సుప్రీంకోర్టు అప్పీలుకు అనుమతి నిరాకరించింది.

ఆ తరువాత రంగా రిట్ పిటిషన్‌తో మళ్లీ సుప్రీంకోర్టు తలుపు తట్టాడు. ప్రధాన న్యాయమూర్తి వై.వి. చంద్రచూడ్ 1981 ఏప్రిల్‌లో ఇచ్చిన తీర్పులో దానిని కొట్టివేశారు. ఒకసారి మూసిన విషయమే అయినా ప్రాణానికి సంబంధించినది కావడంతో కోర్టు సాక్ష్యాన్ని మరొకసారి చూసింది. వీరు వృత్తి హంతకులని, సమాజ భద్రతకు ముప్పని, పరిణతి చెందుతున్న సమాజపు మర్యాద ప్రమాణాలతో చూసినా సానుభూతికి అర్హులు కారని ఆ తీర్పు పేర్కొంది.

'అరుదైన వాటిలోకెల్లా అరుదైన' కేసు అన్న సూత్రం ఇక్కడ వర్తించిందా?

ఆ సూత్రం 1980 మే నెలలో బచన్ సింగ్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం ఇచ్చిన తీర్పుతో స్థిరపడింది. అంటే సెషన్సు కోర్టు, హైకోర్టు ఈ కేసులో నిర్ణయం తీసుకునేనాటికి ఆ తీర్పు లేదు. అయితే 1973 నాటి నేర విచారణ స్మృతి అప్పటికే దిశ మార్చింది. హత్యకు యావజ్జీవం మామూలు శిక్ష, మరణశిక్ష వేస్తే ప్రత్యేక కారణాలు రాయాలి అని 354వ సెక్షను నిర్దేశించింది. 1981లో సుప్రీంకోర్టు ఈ కేసును చూసేనాటికి బచన్ సింగ్ తీర్పు వచ్చింది, ఆ ప్రమాణంతో చూసినా శిక్షను తగ్గించడానికి కారణం కనిపించలేదు.

క్షమాభిక్ష కోరలేదా?

కోరారు. నాటి రాష్ట్రపతి మన నీలం సంజీవరెడ్డి. రాజ్యాంగంలోని 72వ అధికరణం కింద వచ్చిన అభ్యర్థన ఆయన హయాంలోనే తిరస్కరణకు గురైంది. దానిమీద మరో న్యాయపోరాటం సాగింది. క్షమాభిక్ష అధికారాన్ని రాష్ట్రపతి ఏ ప్రాతిపదికన వాడాలో తేల్చాలని, అందుకు మార్గదర్శకాలుండాలని పిటిషనర్ల తరఫున వాదించారు. కోర్టు ఉరి అమలును కొంతకాలం ఆపి విన్నది. ఆ అధికారం పరిధి ఎంత అన్న పెద్ద ప్రశ్నను తగిన కేసులో పరిశీలించవచ్చునని, ఏ ప్రమాణం పెట్టుకుని చూసినా ఈ కేసులో మాత్రం తిరస్కరణను తప్పుపట్టలేమని 1982 జనవరిలో తేల్చింది. ఆ నెలాఖరున ఉరి అమలైంది.

ఆ ప్రశ్న అంతటితో ఆగలేదు. 1988లో కేహర్ సింగ్ కేసులో, 2014లో శత్రుఘ్న చౌహాన్ కేసులో సుప్రీంకోర్టు మళ్లీ దానిని పట్టుకుంది. క్షమాభిక్ష నిర్ణయంలో అకారణమైన జాప్యం జరిగితే మరణశిక్షను యావజ్జీవంగా మార్చవచ్చునని, తిరస్కరణ తెలిపాక ఉరికి కనీసం పద్నాలుగు రోజుల గడువు ఇవ్వాలని ఆ రెండో తీర్పు చెప్పింది.

మరణశిక్ష పడిన ఖైదీలను పాత్రికేయులు కలవవచ్చన్న తీర్పు ఈ కేసులోదేనా?

అవును. హిందుస్థాన్ టైమ్స్ ముఖ్య విలేకరి ప్రభా దత్, రంగా బిల్లాలను ఇంటర్వ్యూ చేయడానికి అనుమతి కోరితే జైలు అధికారులు కాదన్నారు. ఆమె సుప్రీంకోర్టుకు వెళ్లారు. పత్రికలకు ఖైదీలను ప్రశ్నించే అపరిమితమైన హక్కేమీ లేదని, అయితే ఖైదీ అంగీకరించినప్పుడు, నిరాకరించడానికి బలమైన కారణాలు లేనప్పుడు అనుమతించాలని, నిరాకరిస్తే ఆ కారణాలను లిఖితపూర్వకంగా నమోదు చేయాలని కోర్టు చెప్పింది. ఈ తీర్పును నేటికీ ఉదహరిస్తారు.

ప్రజల ఆగ్రహం వల్లే ఇంత కఠిన శిక్ష పడిందా?

ఆగ్రహం పెద్దయెత్తున వచ్చిన మాట నిజం. ఢిల్లీ విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. బోట్ క్లబ్ దగ్గర నిరసనకారులతో మాట్లాడడానికి వెళ్లిన నాటి విదేశాంగ మంత్రి అటల్ బిహారీ వాజ్‌పేయికి రాయి తగిలి గాయమైంది. పార్లమెంటులో ప్రభుత్వాన్ని నిలదీశారు. కానీ తీర్పును ఆగ్రహానికి ముడిపెట్టడం సరికాదని నేను అనుకుంటాను. నేరానికీ ఉరికీ మధ్య దాదాపు మూడున్నరేళ్లు గడిచాయి. ఆ కాలంలో ఇద్దరికీ న్యాయవాదులున్నారు, ప్రతి మెట్టు మీదా వారి వాదన విన్నారు, ఒకసారి కాదన్న కోర్టే మళ్లీ విన్నది. ఒక తరం దాటిన తరువాత మరణశిక్షను వ్యతిరేకించేవారు ఉండవచ్చు, అది వేరే చర్చ. వీరు దోషులా కాదా అన్న ప్రశ్నకు మాత్రం సాక్ష్యమే జవాబు చెప్పింది.

పిల్లల పేరిట ఇచ్చే పురస్కారాలు ఏమిటి?

సాహసం చూపిన బాలబాలికలకు జాతీయ పురస్కారాలిచ్చే భారతీయ బాలల సంక్షేమ మండలి 1978లోనే బాలురకు సంజయ్ చోప్రా పురస్కారాన్ని, బాలికలకు గీతా చోప్రా పురస్కారాన్ని నెలకొల్పింది. 1981లో ఇద్దరికీ మరణానంతరం కీర్తిచక్ర లభించింది. యుద్ధేతర సమయంలో చూపిన శౌర్యానికి ఇచ్చే పతకాల్లో అది రెండవ అత్యున్నతమైనది. వారిద్దరూ చివరిదాకా లొంగలేదని సాక్షులూ, బిల్లా తలమీది గాయమూ చెప్పాయి. ఒకరిని విడిచి ఒకరు పారిపోయే ప్రయత్నం చేసిన జాడ ఎక్కడా లేదు.

ఇవాళ అదే సమాచారం అదే స్టేషనుకు వస్తే చట్టం ఏమంటుంది?

'మా పరిధి కాదు' అన్న మాట నేడు చెల్లదు. విచారణార్హమైన నేరం, అంటే వారంటు లేకుండానే పోలీసులు అరెస్టు చేయగల నేరం, గురించి సమాచారం అందితే ఎఫ్ఐఆర్ నమోదు చేయడం తప్పనిసరి అని 2013 నవంబరులో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చిచెప్పింది. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషనులోనైనా నమోదు చేసి, తరువాత సంబంధిత స్టేషనుకు బదిలీ చేసే పద్ధతినే జీరో ఎఫ్ఐఆర్ అంటున్నాం. నేర విచారణ స్మృతి స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 173వ సెక్షను దీనిని స్పష్టంగా చట్టంలోకి తెచ్చింది.

పిల్లలు తప్పిపోయిన సందర్భానికి మరింత గట్టి నియమం ఉంది. బాలల హక్కుల సంస్థ బచ్‌పన్ బచావో ఆందోళన్ వేసిన కేసులో 2013 మే నెలలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల ప్రకారం, తప్పిపోయిన పిల్లల గురించిన ప్రతి ఫిర్యాదునూ ఎఫ్ఐఆర్‌గా నమోదు చేయాలి. దర్యాప్తులో వేరే కారణం తేలేదాకా అపహరణగానో అక్రమ రవాణాగానో భావించి ముందుకు సాగాలి. నాలుగు నెలల్లో జాడ తెలియకపోతే కేసును మానవ అక్రమ రవాణా నిరోధక విభాగానికి అప్పగించాలని నిబంధనలు చెబుతున్నాయి. డబ్బు కోసం అపహరించి ప్రాణం తీస్తామని బెదిరించడాన్ని ప్రత్యేక నేరంగా చేసి, మరణశిక్ష లేదా యావజ్జీవం నిర్ణయించిన 364ఎ సెక్షను కూడా 1993లోనే శిక్షాస్మృతిలోకి వచ్చింది. 1978లో అది లేదు. శిక్షాస్మృతి స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ నిబంధన 140వ సెక్షనులో ఉంది.

పిల్లలు కనబడకపోతే ఇరవై నాలుగు గంటలు ఆగాలా?

ఆగనక్కరలేదు. అలాంటి నియమం ఏ చట్టంలోనూ లేదు. ఎవరైనా అలా చెబితే పై అధికారిని కలవండి, ఫిర్యాదును రాతపూర్వకంగా ఇచ్చి ఎఫ్ఐఆర్ ప్రతి ఉచితంగా తీసుకోండి. అత్యవసరమైతే 112కు, పిల్లల కోసమే ఉన్న 1098కి ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు.

మీ పిల్లలు కాకపోయినా, దారిన పోతున్న వాహనంలో ఆపదలో ఉన్న పిల్లవాడు కనిపిస్తే చేయవలసినది ఇదే. నంబరును అక్షరాలతో సహా మీరు నోటితో పలికి, అవతలివారి చేత తిరిగి చెప్పించండి. వాహనం రకం, రంగు, ఎటువైపు వెళ్లింది, లోపల ఎంతమంది, ఎప్పుడు చూశారు అన్నవి చెప్పండి. మీ పేరూ ఫోన్ నంబరూ ఇవ్వండి, ఆ ఫిర్యాదుకు వారు ఇచ్చే నంబరును రాసుకోండి. అరగంట తరువాత మళ్లీ ఫోన్ చేసి, మీరిచ్చిన సమాచారం ఎక్కడిదాకా వెళ్లిందో అడగండి.